పీరియడ్ సినిమాల్లో ప్రేమ ఎందుకు ఓడిపోతుంది? ‘దాసి’ నుంచి ‘రంగస్థలం’ దాకా..

గడీలు, లాంతర్లు, పంచెకట్టు.. పీరియడ్ డ్రామా అనగానే ముందు గుర్తొచ్చేవి ఇవే. కానీ ఈ కథల్లో చాలావాటిని నడిపేది కులం, భూమి, అధికారం. ఆ మూడూ గీసిన గీత దాటేది ప్రేమ. అందుకే మొదటి దెబ్బ దాని మీదే పడుతుంది.

ప్రేమకు చోటే లేని గడీ

బి.నర్సింగరావు ‘దాసి’ (1988) కథ 1920ల నాటి తెలంగాణలో జరుగుతుంది. దొరసానితో పాటు కట్నంగా గడీకి వచ్చిన ఆడపిల్ల కమలాక్షి. పగలంతా చాకిరీ, రాత్రి దొర పిలిస్తే వెళ్లాలి. కడుపులో బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. ఇక ప్రేమ మాటెక్కడిది? ఈ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి అయ్యారు. సినిమాకు మొత్తం 5 జాతీయ అవార్డులు వచ్చాయి.

దేవుడి పేరుతో దోపిడీ

‘శ్యామ్ సింగరాయ్’ (2021) మనల్ని 1969 నాటి బెంగాల్‌కు తీసుకెళ్తుంది. దేవదాసి మైత్రేయిని గుడి నుంచి బయటికి తెచ్చి పెళ్లి చేసుకున్న రచయితను సొంత అన్నదమ్ములే చంపేస్తారు. పాత కథే కదా అనుకోవద్దు. దేవదాసీ వ్యవస్థపై మద్రాసులో 1947లోనే చట్టం వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మరో చట్టం తేవాల్సి వచ్చింది.

మంచివాడిలోనూ అదే విషం

‘రంగస్థలం’ (2018) చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి, క్లైమాక్స్ తెలిసిపోతుంది! 1980ల నాటి ఊళ్లో ప్రెసిడెంట్‌ని ఎదిరించిన కుమార్ బాబు హత్యకు గురవుతాడు. చంపించింది ప్రెసిడెంటే అని అందరం అనుకుంటాం. చివరికి తేలేదేంటంటే, చంపించింది అతనికి అండగా నిలిచిన దక్షిణామూర్తి. ఎన్నికల్లో సాయం చేయడం ఓకే, కూతుర్ని ప్రేమిస్తే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. సినిమా మొత్తంలో గట్టిగా తగిలే పాయింట్ ఇదే.

1938లోనే ఒక్కటైన జంట

నిజానికి 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. బ్రాహ్మణ యువకుడు, దళిత అమ్మాయి ప్రేమకథ అది. అందులో జంట చివరికి ఒక్కటవుతుంది. ఇది మారుతుందన్న నమ్మకం ఆ రోజుల్లో ఉంది. ఇప్పటి దర్శకులు పాత కాలం కథ చెబుతూ కూడా ఆ ముగింపు ఇవ్వలేకపోతున్నారు.

మరి పాత కాలమే ఎందుకు?

‘అప్పట్లో అలా ఉండేది’ అనుకుంటే చూసేవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. కానీ ‘రంగస్థలం’ మార్చిలో రిలీజైంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో, కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుడిని గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. అది జరిగింది 1980ల్లో కాదు. ఆ సీసీటీవీ వీడియో మన ఫోన్లలోనే తిరిగింది.