నీళ్లు పోసినా చల్లారని బండి

మా చిన్నాయనకు ఒక డీసీఎం ఉంది. ఇప్పుడు ఆ పేరుతో కంపెనీ వెతక్కండి. ఒకప్పుడు డీసీఎం టొయోటా అని ఉండేది, అది పోయి చాలా ఏళ్లయింది. మన హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రం ఆ సైజు లారీ ఎవరు చేసినా డీసీఎమ్మే. బండి కౌకూర్‌లో మా ఇంటి ముందే ఆగుతుంది. మేడ్చల్‌లో సరుకు ఎక్కించుకుని, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి పట్టుకుని సిద్దిపేట, కరీంనగర్ వైపు పోతుంది. దాని కిస్తీ అదే సంపాదించుకోవాలి. రెండు రోజులు ఆగిందంటే ఇంట్లో అందరి మొహాలూ మారిపోతాయి.

ఎండాకాలంలో వాటర్ పంపు దగ్గర నీళ్లు కారడం మొదలైంది. మెకానిక్ కూలి మిగులుతుందని నేనూ చిన్నాయనా కలిసి పంపు, పై హోస్ పైపు, థర్మోస్టాట్ వాల్వ్ మార్చేశాం. సాయంత్రం ఖాళీ బండి తీస్తే మూడు కిలోమీటర్లు పోయామో లేదో, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను తాకింది.

"మంచిగున్న బండిని మనమే ఖరాబు చేసినమేందిరా?" అన్నాడు చిన్నాయన. నేను మెకానికల్ మూడో సంవత్సరం. నోట్లోంచి మాట రాలేదు.

మాట రాలేదు కానీ చెయ్యి ఊరుకోలేదు. బండి ఆపగానే నీళ్లు చూద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేశాను. చిన్నాయన నా చెయ్యి పట్టి వెనక్కి గుంజాడు. అసలు లెక్క తర్వాత వేసుకున్నా. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. మూతలోని స్ప్రింగు 0.9 బార్ ఒత్తిడి ఆపగలిగితే అదే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. ఆ స్థితిలో మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీళ్లు అక్కడికక్కడే ఆవిరై మొహం మీదికి లేస్తాయి. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు గుమ్మరించడం ఇంకో తప్పు, హెడ్డు పగలొచ్చు. గంట కూర్చుంటే పోయేదేమీ లేదు.

చల్లారాక పైపులు పట్టుకుని చూశాం. పై పైపు గోరువెచ్చగా ఉంది, కింది పైపు చల్లగా ఉంది. ఇంజన్ ఉడుకుతుంటే రేడియేటర్ చల్లగా ఉందంటే వేడి నీళ్లు అక్కడికి రావడమే లేదన్నమాట. వాల్వ్ తీసి వంటింట్లో గిన్నెలో దారంతో వేలాడదీసి నీళ్లు కాచాం. దాని మీద 82 అని రాసి ఉంది, ఇంచుమించు అక్కడే తెరుచుకుంది. వాల్వ్ మంచిదే.

మరి ఎందుకు తెరుచుకోలేదు? గాలి. నీళ్లన్నీ దించి మళ్లీ పోసినప్పుడు పైన గాలి చిక్కుకుంది. ఈ పంపు నీళ్లను తోస్తుంది గానీ గాలిని తోయలేదు. వాల్వ్ లోపలి మైనం కరగాలంటే వేడి నీళ్లు తగలాలి, గాలి తగిలితే అంత వేడి అందదు. అందుకే వాల్వ్ అంచున ఒక చిన్న రంధ్రం, అందులో వదులుగా కదిలే పిన్ను ఉంటాయి, గాలి పోయేది అందులోంచే. అది పైకి ఉండాలి. మేం కిందికి పెట్టాం. "వాల్వే పీకెయ్" అని చాలామంది సలహా ఇస్తారు. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే బైపాస్ దారిని కూడా మూస్తుంది. పీకేస్తే కొంత వేడి నీరు రేడియేటర్ మొహం చూడకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది.

పిన్ను పైకి పెట్టి, బండి ముందు చక్రాలు మిట్ట మీదికి ఎక్కించి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేశాం. పై పైపు పిసుకుతుంటే బుడగలొచ్చాయి. నీటి మట్టం దిగినప్పుడల్లా పోశాం. వాల్వ్ తెరుచుకోగానే కింది పైపు కూడా వేడెక్కింది, బుడగలు ఆగిపోయాయి. ఆగడమే ముఖ్యం. ఎంతసేపైనా వస్తూనే ఉంటే అది హెడ్ గ్యాస్కెట్ దాటి వచ్చే మంట గ్యాసు కావచ్చు, అప్పుడు మెకానిక్ దగ్గరికే పోవాలి.

ఈసారి బోరు నీళ్లు వాడలేదు. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పొరలా పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్లు, కూలెంట్ సగం సగం కలిపాం. కూలెంట్ ఒక్కటే పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవద్దు. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు తీసుకుంటే, సగం సగం మిశ్రమం సుమారు 3.5 తీసుకుంటుంది. కూలెంట్ పెరిగేకొద్దీ ఆ లెక్క ఇంకా తగ్గుతుంది.

అయిపోయిందనుకున్నాం. రింగు రోడ్డు మీద 60 స్పీడులో ముల్లు కదల్లేదు. అల్వాల్ ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే మళ్లీ లేచింది. ఈసారి నాకు కోపం రాలేదు, బండి తన రోగం తనే చెప్పింది. వేగంగా పోతే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడితే ఆ పని ఫ్యాన్ ఒక్కటే చెయ్యాలి. అంటే లోపం నీళ్లలో లేదు, గాలిలో ఉంది. లోడుతో రోడ్డు మీద వేడెక్కి, ఖాళీగా నిలబడ్డప్పుడు బాగుంటే రేడియేటర్ లోపల పూడిందేమో చూడాలి.

ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు లేదు. పంపు విప్పేటప్పుడు దాని బోల్టులు రెండు తుప్పు పట్టి విరిగితే, "గాలికి అడ్డమే గదా" అని పక్కన పడేసింది నేనే. ఆ తొడుగు లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి కాకుండా పక్కల నుంచి, ఎక్కడ సులువైతే అక్కడి నుంచి గాలి లాగుతుంది.

వెతికితే అది పెరట్లో దొరికింది. నానమ్మ కోడిపిల్లలు బయటికి పోకుండా చుట్టూ నిలబెట్టింది. కడిగి, కొత్త బోల్టులతో బిగించాం. తెల్లారి లోడుతో సిద్దిపేట పోయి వచ్చాడు చిన్నాయన, ముల్లు సగం దాటలేదట. నానమ్మకు మాత్రం ఇంకో గంప కొనియ్యాల్సి వచ్చింది.