బడి ఆయమ్మ టీచరమ్మ కావచ్చా?

పొద్దున్నే బడి తలుపు తీసేది ఎవరు? ఆయమ్మ. గదులు ఊడ్చేది, నీళ్ళు పట్టేది ఎవరు? ఆయమ్మే. మధ్యాహ్నం అన్నం వండి పెట్టేది వంటక్క. ఒకటో తరగతి పిల్లోడు ఏడిస్తే ముక్కు తుడిచి ఊరుకోబెట్టేది కూడా వీళ్ళే. పిల్లోళ్ళ సంగతి వీళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో, కుందుర్పి, శెట్టూరు దిక్కు ఇట్లాంటి అక్కలు చాలామంది. వాన రాదు. శెనక్కాయ చేతికి రాదు. మొగోళ్ళు బెంగుళూరుకు పనికి పోతారు. ఇంటికాడ ఉన్న ఆడమనిషికి బడి పనే ఆధారం. వంటక్కలకు నెలకు వెయ్యి రూపాయలే ఇచ్చేవాళ్ళు. 2019లో మన రాష్ట్రంలో దాన్ని 3 వేలు చేశారు. దాంతో ఇల్లు గడుస్తుందా?

"నేను కూడా సదువుకోని టీచరు అయ్యేదానికి కుదురుతాదా మేడమ్?" అని ఒక ఆయమ్మ అడిగిందనుకోండి. "కుదురుతుందమ్మా. కానీ తొందరపడితే కాదు" అనాలి. దారి ఎట్లా ఉందో చూద్దాం.

మొదటిది పదో తరగతి. చిన్నప్పుడు బడి మానేసినవాళ్ళ కోసం 1991లో ఓపెన్ స్కూల్ పెట్టారు. 14 ఏళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా చేరవచ్చు. పెద్ద వయసు అని ఎవరూ వద్దనరు. రోజూ బడికి పోయే పని లేదు. సెలవు రోజుల్లో క్లాసులు ఉంటాయి. కనీసం 5 సబ్జెక్టులు రాయాలి. అన్నీ ఒకేసారి పాస్ కావాలని లేదు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కర లేదు. 5 ఏళ్ళ గడువు ఉంటుంది.

చేరేటప్పుడు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఫారంలో పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయించండి. తప్పు పడితే సర్టిఫికెట్ మీద కూడా అదే తప్పు వస్తుంది. దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

తర్వాత ఇంటర్. అది కూడా ఓపెన్ స్కూల్లో చదవవచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. నూటికి 35 వస్తే పాస్. కానీ టీచరు ట్రైనింగుకు పోవాలంటే ఇంటర్లో నూటికి 50 రావాలి. ఎస్.సి., ఎస్.టి. వాళ్ళకు, వికలాంగులకు 45 చాలు. అందుకే పాసైతే చాలు అనుకోవద్దు.

ఇంటర్ అయ్యాక ఎంట్రెన్సు రాసి, రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. చదవాలి. మన అనంతపురం వాళ్ళకు బుక్కపట్నంలో ప్రభుత్వ డైట్ కాలేజీ ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది.

అన్నిటికన్నా కష్టం ఇదే. రోజూ కాలేజీకి పోవాలి. బడి పని ఎట్లా చేస్తారు? రెండేళ్ళు జీతం లేకుంటే పిల్లలకు ఏం పెడతారు? 2017 నుంచి 2019 దాకా, ట్రైనింగు లేకుండా పాఠాలు చెప్పే టీచర్ల కోసం ఇంటికాడ నుంచే ఈ చదువు పెట్టారు. దేశంలో 10 లక్షల మందికి పైగా చేరారు. ఆయమ్మలకు, వంటక్కలకు అందులో చోటు లేదు. వాళ్ళకు కూడా ఇచ్చి ఉంటే బాగుండేది అని నాకు అనిపిస్తుంది.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలో న్యూయార్క్ అనే పెద్ద ఊరు ఉంది. అక్కడి బళ్ళలో టీచర్లకు సాయం చేసే ఆడవాళ్ళు ఎక్కువమంది పేదలు, నల్లవాళ్ళు, పిల్లల తల్లులు. వాళ్ళు సంఘంలో చేరారు. వెల్మా హిల్ అనే ఆమె వాళ్ళను కూడగట్టింది. 1970లో ఒప్పందం కుదిరింది. కాలేజీకి పోయేదానికి వాళ్ళకు వీలు ఇచ్చారు, ఫీజు కూడా ఇచ్చారు. అట్లా చదివి ఎంతోమంది టీచర్లు అయ్యారు.

మన దగ్గర అట్లాంటి ఏర్పాటు లేదు. పొదుపు సంఘం అప్పు ఉంది. సంఘంలో నలుగురు కలిసి చదివితే పుస్తకం ఒకటి చాలు. ఒకామె చదువుతుంటే ఇంకొకామె పిల్లల్ని చూస్తుంది. ఊరి టీచరును అడిగితే సాయంత్రం లెక్కలు చెప్పరా?

ట్రైనింగు అయ్యాక టెట్ పరీక్ష. 150 మార్కులకు ఓ.సి. వాళ్ళకు 90, బి.సి. వాళ్ళకు 75, ఎస్.సి., ఎస్.టి. వాళ్ళకు 60 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం పనికి వస్తుంది. ఆ తర్వాత డీఎస్సీ. 2025లో 16,347 పోస్టులకు పెట్టారు. అందులో వయసు 44 దాకా ఒప్పుకున్నారు. బి.సి., ఎస్.సి., ఎస్.టి. వాళ్ళకు 49.

లెక్క వేయండి. పదికి రెండేళ్ళు, ఇంటర్‌కు రెండేళ్ళు, ట్రైనింగుకు రెండేళ్ళు. మొత్తం ఆరేళ్ళు. ఇప్పుడు 30 ఏళ్ళున్న అక్కకు అప్పటికి 36 వస్తాయి.

అంగన్‌వాడీలో హెల్పరుగా చేసే అక్కలకు ఇంకో దారి ఉంది. 2022లో కేంద్రం కొత్త నియమాలు పెట్టింది. అంగన్‌వాడీ టీచరు పోస్టుల్లో సగం, 5 ఏళ్ళు చేసిన హెల్పర్లకు ఇవ్వాలని అందులో ఉంది. దానికి కూడా చదువు ఉండాలి. మీ సెంటరు సూపర్‌వైజరును అడగండి. పదో తరగతి ఓపెన్ స్కూల్లో ఎప్పుడు చేర్చుకుంటారో మీ ఊరి హైస్కూల్ హెడ్మాస్టరుకు తెలుస్తుంది.