గేరు పడకపోతే తప్పు గేర్ బాక్సుదేనా?

ప్రశ్న: మాది ఘట్‌కేసర్. పికప్‌లో నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు సరుకు తోలుతుంటాను. పొద్దున బయల్దేరేటప్పుడు బండి బాగానే ఉంటుంది. ఉప్పల్ ట్రాఫిక్‌లో పడ్డాక ఫస్ట్ గేరు పడదు, రివర్స్ వేస్తే గర్రుమంటుంది. క్లచ్ ప్లేటు పోయింది, గేర్ బాక్స్ దించాలి అంటున్నారు. దించాల్సిందేనా?

జవాబు: చివరికి దించాల్సి రావచ్చు గానీ, ఇప్పుడే వద్దు. ప్లేటు అరిగితే సాధారణంగా గేరు సులువుగానే పడుతుంది, బండే లాగదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది తప్ప వేగం పెరగదు. లోడు మీద ఎత్తు ఎక్కదు, మాడు వాసన వస్తుంది. అది క్లచ్ పట్టుకోలేని జబ్బు. మీరు చెప్పేది వదలలేని జబ్బు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

క్లచ్ వదలకపోతే గేరు ఎందుకు పడదు?

బండి ఆగి ఉన్నా డీజిల్ ఇంజిన్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగి క్లచ్ ప్లేటును వదులుతుంది. అప్పుడు గేర్ బాక్సులోకి వెళ్లే షాఫ్టుకు ఇంజిన్‌తో సంబంధం తెగుతుంది. గేరు పడాలంటే కలవాల్సిన రెండు భాగాల వేగం ఒకటి కావాలి. కదులుతున్న బస్సు ఎక్కాలంటే దాంతోపాటు నాలుగడుగులు పరుగెత్తాలి కదా, ఇదీ అంతే. ఆ వేగాలను కలిపే పని సింక్రో రింగులది. ఈ ఏర్పాటు మొదట 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టి గేర్లు మార్చేవాళ్లు.

విడిపోయిన షాఫ్టును నెమ్మదింపజేయడం వరకే సింక్రో రింగు వల్ల అవుతుంది. ఇంజిన్ ఇంకా ఆ షాఫ్టును లాగుతుంటే దాని బలం చాలదు. పైగా చాలా బండ్లలో రివర్స్ గేరుకు సింక్రో ఉండదు. క్లచ్ సరిగా వదలకపోతే ముందు గర్రుమనేది అందుకే రివర్స్.

లోపం ఎక్కడుందో తేల్చేదెలా?

సమతలంలో బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆర్పండి. క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడండి. ఏదైనా మొరాయిస్తే పళ్లకు పళ్లు ఎదురుపడి ఉండవచ్చు. బ్రేక్ తీసి బండిని కొద్దిగా నెట్టి మళ్లీ వేయండి. ఇంజిన్ ఆపితే అన్నీ పడి, నడుస్తుంటే పడకపోతే అనుమానం క్లచ్ మీదే. ఆపినా పడకపోతే గేరు రాడ్, దాని బుష్‌లు, కేబుళ్లు చూడాలి. కేబుల్ విప్పి గేర్ బాక్స్ మీది లివర్‌ను చేత్తో కదిపితే గేర్లు పడుతున్నాయా? అయితే లోపం బయటే ఉంది. అలాగాక కదిలేటప్పుడు ఒక్క సెకండ్ గేరే గర్రుమంటుంటే ఆ గేరు సింక్రో అరిగి ఉండవచ్చు.

ఇక ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ వదలడం లేదని తేలినట్టే.

పొద్దున పడిన గేరు ఉప్పల్‌లో ఎందుకు పడదు?

అసలు ఆధారం ఇక్కడే ఉంది. విరిగిన ఇనుప ముక్క పొద్దున బాగుండి మధ్యాహ్నం పాడవదు. వేడికి మారేది చాలాసార్లు ఆయిలే. పాత టాటా ఏస్ లాంటి బండ్లలో క్లచ్‌కు కేబుల్ ఉంటుంది, బొలెరో పికప్‌లో ఆయిల్ ఉంటుంది. ఈ ఆయిల్ అంటే బ్రేక్ ఆయిలే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి, వరంగల్ రోడ్డు మీద బండ్లు పాకుతూ వెళ్లడం మీకు తెలిసిందే. అలా పాకుతూ నిమిషానికోసారి క్లచ్ తొక్కుతుంటే క్లచ్ చుట్టుపక్కలంతా వేడెక్కుతుంది. పాత ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ కిందికి దిగుతుంది గానీ ఒత్తిడి అవతలికి చేరదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీల్ అరిగినా ఇదే లక్షణం.

గేరు పడనప్పుడు పెడల్‌ను గబగబా నాలుగుసార్లు కొట్టి చూడండి. అప్పుడు పడితే ఆయిల్‌లో గాలి చేరినట్టో, సీల్ పోయినట్టో అనుకోవచ్చు.

బాగుచేయడం ఎలా?

ముందు ఆయిల్ డబ్బా చూడండి. తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. పెడల్ దగ్గర మ్యాట్ కింద తడి ఉంటే మాస్టర్, గేర్ బాక్స్ పక్కన తడి ఉంటే స్లేవ్ సిలిండర్ పాడైనట్టు. ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకండి, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. లీకు ఆపాక పాత ఆయిల్ తీసి కొత్తది పోసి గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే మరొకరు స్లేవ్ మీది నిపుల్ వదులు చేయాలి. బుడగలు వచ్చాక నిపుల్ బిగించి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే వరస, డబ్బా ఖాళీ కాకుండా చూసుకుంటూ. కేబుల్ బండి అయితే ముందు సెట్టింగ్, తర్వాత కేబుల్ చూస్తారు.

ఇదంతా అయ్యాక ఒకరు పెడల్ తొక్కుతుంటే స్లేవ్ రాడ్ గమనించండి. రాడ్ పూర్తిగా జరుగుతున్నా గేరు పడకపోతే లోపం లోపలిదే. రిలీజ్ బేరింగ్, ఫోర్క్, ప్రెషర్ ప్లేటు వేళ్లు, వంగిన ప్లేటు, పైలట్ బేరింగ్, వీటిలో ఏదైనా కావచ్చు. గేర్ బాక్స్ దించాల్సింది అప్పుడే. ఎలాగూ దించుతారు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి. లేకుంటే అదే కూలీ రెండోసారి ఇచ్చుకోవాలి.

మెకానిక్‌తో “గేరు పడట్లేదు” అని ఊరుకోకండి. ఇంజిన్ ఆపితే పడుతోందా, వేడెక్కాకే ఆగుతోందా, పెడల్ కొడితే దారికొస్తోందా చెప్పండి. ఆ మూడు జవాబులు విన్న మంచి మెకానిక్ ముందు ఆయిల్ డబ్బా మూత తీస్తాడు.