నూనె తగ్గినా చిక్కదనం తగ్గని మయొనైజ్

చిక్కటి గంజిని గిన్నెలో వదలి మరునాడు చూడండి. పైన పొర కట్టి, లోపల ముద్దగా మారి, అంచుల వెంట పలుచని నీరు ఊరి ఉంటుంది. వంటయింట్లో అందరూ ఎరిగిన ఈ చిన్న విషయమే, తక్కువ కొవ్వుతో మయొనైజ్ చేయబూనిన శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

గుడ్డు పచ్చసొన, వెనిగర్, నూనెల కలయికే మయొనైజ్. నీటితో పొసగని నూనెను చిలికి సన్నని బిందువులుగా చీలిస్తే, అవి తిరిగి ఏకం కాకుండా పచ్చసొనలోని లెసిథిన్, ప్రోటీన్లు కాపాడతాయి. ఆ బిందువులు కిక్కిరిసి ఉండటమే దాని చిక్కదనానికి మూలం. అమెరికా నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టాలంటే తూకంలో కనీసం 65 శాతం నూనె ఉండి తీరాలి. 100 గ్రాములలో 75 గ్రాములు నూనె అయితే, గ్రాముకు 9 చొప్పున 675 కాలరీలు నూనెవే!

మరి నూనెను 30 గ్రాములకు తగ్గిస్తే? బిందువుల నడుమ ఎడం పెరిగి, అది మజ్జిగలా జారిపోతుంది. పెరిగిన నీటిని పట్టి నిలిపేందుకు పిండిపదార్థం కావాలి. కాని మామూలు పిండి రేణువులు వెనిగర్ పులుపుకూ, వేడికీ, యంత్రాల చిలుకుడికీ తాళలేక చితికిపోతాయి. తట్టుకున్నా, చల్లారిన పిమ్మట గంజిలాగే నీరు విడుస్తాయి.

అందుకే పిండికి రసాయనిక సంస్కారం చేస్తారు. రేణువులోని అణువుల గొలుసుల మధ్య ఫాస్ఫేట్ వంతెనలు కడితే అది ఉబ్బుతుంది గాని పగలదు. హైడ్రాక్సీప్రొపైల్ సమూహాలను చేర్చితే ఆ గొలుసులు మళ్ళీ దగ్గరై నీటిని వెలికి నెట్టలేవు. 1953లో అమెరికాలో పేటెంటు పొందిన మరొక పద్ధతిలో, ఆక్టెనిల్ సక్సినేట్‌ను చేర్చడంతో నూనె బిందువులను అంటిపెట్టుకొనే గుణం కూడ పిండికి అబ్బింది. ఇటువంటి పిండి 5 గ్రాములు వేసినా కాలరీలు 20కి మించవు. 30 గ్రాముల నూనెతో కలిపి మొత్తం 290 మాత్రమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. నీరు పెరిగినకొద్దీ వెనిగర్ పలుచబడి, సూక్ష్మజీవులను అణచే శక్తి సన్నగిల్లుతుంది. కనుక తయారీలో పులుపును సరిచూడటం, హానికర క్రిములు నశించేలా వేడితో శుద్ధిచేసిన గుడ్లను వాడటం, సీసా తెరిచాక చల్లగా ఉంచడం తప్పనిసరి. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినది ఆరోగ్య భయంతోనే. పిండి చిక్కదనాన్ని ఇవ్వగలదు గాని శుభ్రతను ఇవ్వలేదు.

మరొక మాట: ‘కొవ్వు తక్కువ’ అంటే ‘కొవ్వు లేదు’ అని కాదు. సీసా మారినంత మాత్రాన చెంచా పెద్దది చేసుకోరాదు!