సీమ కొండల్లో పడకకు ఏ చాప మేలు?

ఈ సెలవుల్లో సీమకు వెళ్లినప్పుడు పిల్లలతో గండికోట, అహోబిలం నడవాలని మన సంఘంలో చాలామంది అనుకుంటున్నారు. పడకకు ఏం తీసుకెళ్లాలో రాయమని కమిటీవారు అడిగారు. ఫోమ్ తయారీలో ఏళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. గాలి ఊదే పరుపు ఇంట్లోనే ఉంచండి, క్లోజ్డ్ సెల్ ఫోమ్ చాప పట్టుకెళ్లండి.

నేల చలిని పరుపు ఎంత ఆపుతుందో చెప్పేది ఆర్-వాల్యూ. మనం ఉంటున్న ఇక్కడి మంచుకొండలకు నాలుగో అయిదో చూసి కొంటాం. గండికోట దగ్గర పెన్న లోయ అంచున ఎర్రమల బండలైతే పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటాయి. అక్కడ జనవరికైనా రెండు చాలు. థర్మరెస్ట్ వారి జడ్ లైట్ సోల్ చాప ఆర్-వాల్యూ అంతే, 183 సెంటీమీటర్ల చాప 410 గ్రాములు తూగుతుంది. బరువు ఇంకా తగ్గాలంటే భుజాల నుంచి మోకాళ్ల దాకా ఉంచి మిగతాది కోసేయండి, కాళ్ల కింద ఖాళీ సంచి సరిపోతుంది.

మందం చూసి మాత్రం మోసపోకండి. క్లోజ్డ్ సెల్ కాని స్పాంజి రకం నీళ్లు పీలుస్తుంది, తుంటి కింద అణిగిపోతుంది. మూల మీద నీటిచుక్క వేసి నొక్కండి, ఇంకకూడదు.

అసలు గండం ముల్లు. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు లేని చోటు మన సీమలో వెతకాలి. మాతో వచ్చిన ఒకాయన గాలిపరుపు అర్ధరాత్రికే చప్పబడింది. ఫోమ్‌కు ఆ బాధ లేదు. కానీ దానికీ ఒక చిక్కుంది. పొద్దున చాప చుట్టేటప్పుడు అడుగున గుచ్చుకున్న పల్లేరుకాయ పైవైపుకు అంటుకుంటుంది. ఆ రాత్రి పసిబిడ్డను దాని మీదే పడుకోబెడతాం. అందుకే చుట్టేముందు అడుగుభాగాన్ని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి, మందపాటి గుడ్డతో తుడవండి. కింద టార్పాలిన్ ముక్క పరవడం మరవద్దు. ఎండలో నిలిపిన కారులో చాపను వదిలితే ముడుచుకుపోతుంది, అదీ చూసుకోండి.

ఫోమ్ మీద వీపుకు చెమట పడుతుంది. దానికి మందు మన కురుబల ఉన్ని కంబళి. పరుపూ దుప్పటీ గొడుగూ అన్నీ ఆ ఒక్క కంబళే చేసుకుని తరతరాలు మంద వెంట తిరిగిన కాపరులు మనవాళ్లు. ఉగాదికి ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచే కన్నడ భక్తులూ నల్లమలలో నేల మీదే పడుకుంటారు. మన పిల్లలకూ ఆ నేల తగలనివ్వండి. ఊరెళ్లినప్పుడు ఒక కంబళి కొనివ్వండి, ఎవరి చాప వాళ్లే మోయాలి.

అహోబిలం వైపు అడవిలో రాత్రి ఆగాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. టికెట్లు కొనకముందే కనుక్కోండి.