సబ్‌ఫారం ఒకటి కాదు, రెండు

చార్మినార్‌కు పడమట ఉన్న లాడ్ బజార్‌ లక్క గాజులకు పేరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గాజుల ఆర్డరు కాగితం ఎలా ఉంటుందో చూస్తే డేటాబేస్ పాఠం సగం అక్కడే దొరుకుతుంది. పైన కొనేవారి పేరు, ఫోను నంబరు, సరుకు ఇవ్వాల్సిన తేదీ ఒక్కసారి రాస్తారు. కింద వరసలు మొదలవుతాయి: ఏ రంగు, ఏ రాళ్ల పని, ఏ సైజు, ఎన్ని జతలు. పెళ్లివారి ఆర్డరైతే ఆ వరసలు పేజీ దాటిపోతాయి. ఇదే కాగితాన్ని మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లోకి ఎక్కిస్తే పై భాగం ప్రధాన ఫారం, కింది వరసలు అందులో ఇమిడిన సబ్‌ఫారం. పట్టికలు కట్టడం, వాటి మధ్య సంబంధాలు కలపడం వచ్చినవాళ్లు కూడా ఈ సబ్‌ఫారాన్ని పట్టుకుని కాస్త వెడల్పు చేయబోయి తడబడుతుంటారు. అంచు లాగుదామనుకుంటే లోపలి గడి కదులుతుంది. అంచు దొరికాక లాగితే లోపలి గడులు ఎక్కడివక్కడే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మొండిదని విసుక్కుని వదిలేయడం మామూలే. కానీ ఆ ప్రవర్తనకు కచ్చితమైన కారణం ఉంది. సబ్‌ఫారం ఒకే వస్తువనుకోవడం అసలు అపోహ. తక్కినవన్నీ దానిలోంచి పుట్టినవే.

ప్రధాన ఫారం మీద కనిపించేది నిజానికి ఒక చట్రం, అంటే సబ్‌ఫారం కంట్రోల్. దానిలో కనిపించేది విడిగా భద్రపరచిన మరో ఫారం. దుకాణం షోకేసుకూ దానిలో పెట్టిన గాజుల పెట్టెకూ ఉన్న తేడా ఇది. షోకేసును పెద్దది చేసినంత మాత్రాన పెట్టె పెద్దదవదు. ఇందుకు రుజువులు యాక్సెస్‌లోనే ఉన్నాయి. చట్రాన్ని ఎంచుకుని తొలగిస్తే లోపలి ఫారం చెరిగిపోదు, ఎడమవైపు జాబితాలో భద్రంగా ఉంటుంది. చట్రానికి ఒక పేరు, లోపలి ఫారానికి మరో పేరు పెట్టవచ్చు. వరసల మొత్తాన్ని ప్రధాన ఫారంలో చూపించే సూత్రం రాసేటప్పుడు చట్రం పేరే వాడాలి. ఫారం పేరు వాడితే, ఆ రెండు పేర్లూ ఒకటి కానప్పుడు, మొత్తం రావాల్సిన చోట పేరు తప్పన్న గుర్తు వస్తుంది. రెండు ఫారాలనూ కలిపే ఫీల్డులు కూడా చట్రం లక్షణాల్లోనే రాసి ఉంటాయి. లోపలి ఫారానికి ఆ బంధం సంగతే తెలియదు. దాన్ని విడిగా తెరిస్తే అందరి ఆర్డర్ల వరసలూ కలిసి కనిపిస్తాయి.

ఇది గ్రహిస్తే ఎంపిక కష్టం కాదు. డిజైన్ వ్యూలో సబ్‌ఫారం మీద మొదటి క్లిక్ చట్రాన్ని పట్టుకుంటుంది. మరో క్లిక్ చేస్తే లోపలికి దిగుతాం. అక్కడి గడులూ విభాగాలూ చేతికొస్తాయి. చట్రం లోపలే, కొలబద్దలు కలిసే మూలన ఉన్న చిన్న చతురస్రాన్ని నొక్కితే లోపలి ఫారం మొత్తం ఎంపికవుతుంది. ఒకసారి లోపలికి దిగినవారు అక్కడి నుంచే అంచును లాగబోవడంతో చిక్కు వస్తుంది. బయటికి వచ్చి ప్రధాన ఫారంలో ఖాళీ చోట ఒకసారి నొక్కి, ఆ తర్వాత సబ్‌ఫారం అంచు మీద ఒక్కసారే నొక్కాలి. ఖాళీ చోటు నుంచి మౌస్‌ను లాగుతూ చట్రంలో కొంత భాగం తాకేలా గీసినా అది దొరుకుతుంది. ఏది పట్టుబడిందో ఊహించుకోవాల్సిన పని లేదు. ప్రాపర్టీ షీట్ పైభాగంలో ఎంపిక రకం రాసి ఉంటుంది. అక్కడ సబ్‌ఫారం అని ఉంటే చేతిలో ఉన్నది చట్రం. టెక్స్ట్ బాక్స్ అనో, సెక్షన్ అనో ఉంటే ఇంకా లోపలే ఉన్నాం. చట్రం చిక్కాక మౌస్ కూడా అక్కర్లేదు, షిఫ్ట్ నొక్కిపట్టి బాణం మీటలతో కొలత మార్చవచ్చు. అంతకన్నా మంచి పద్ధతి వెడల్పు, ఎత్తు అంకెల్లో టైపు చేయడం. అలా చేస్తే రెండు మూడు సబ్‌ఫారాలున్న చోట అంచులు వరసగా కుదురుతాయి.

చట్రాన్ని సాగదీస్తే లోపలి వివరాలూ పెద్దవవుతాయన్నది ఎక్కువ నష్టం చేసే నమ్మకం. చట్రం పెరిగితే కనిపించే మేర పెరుగుతుంది, అంతే. లోపలి ఫారం చట్రం కన్నా వెడల్పుగా ఉంటే అడుగున స్క్రోల్ పట్టీ వస్తుంది, ఇరుకుగా ఉంటే కుడివైపు ఖాళీ మిగులుతుంది. లోపలి ఫారం డేటాషీట్ రూపంలో ఉంటే సంగతి ఇంకా వేరు. డిజైన్ వ్యూలో గడిని ఎంత సాగదీసినా డేటాషీట్ లెక్కచేయదు. దాని నిలువు వరసల వెడల్పు వేరే లక్షణం. ఫారం తెరిచి, శీర్షికల మధ్య గీతను లాగి, భద్రపరచాలి. ఆ గీత మీద రెండుసార్లు నొక్కితే అప్పటికి కనిపిస్తున్న వివరాలకు సరిపడా వెడల్పు వస్తుంది. కింద దాగిన వరసల్లో ఇంకా పొడవైన పేరుంటే అది తెగుతుంది.

లోపలిది కంటిన్యువస్ ఫారం, అంటే వరసలను ఒకదాని కింద ఒకటిగా చూపే ఫారం అయితే, వరస ఎత్తును నిర్ణయించేది డీటెయిల్ విభాగం ఎత్తు. పాతబస్తీలో దీని ప్రాముఖ్యం ఎక్కువ. కొనేవారి పేర్లు ఉర్దూలో, సరుకు వివరాలు తెలుగులో రాసుకునే చోట అక్షరాలకు కావాల్సిన ఎత్తు ఇంగ్లీషు లెక్కకు సరిపోదు. తెలుగు ఒత్తులు గీత కిందికి దిగుతాయి. ఉర్దూ నస్తాలీక్ రాత కుడి పైనుంచి ఎడమ కిందికి వాలుతూ ఇంకా ఎక్కువ ఎత్తు అడుగుతుంది. ఒత్తులు తెగి కనిపిస్తున్నాయని చట్రాన్ని కిందికి లాగితే తెగిన వరసలే ఇంకో నాలుగు కనిపిస్తాయి. లోపలికి దిగి టెక్స్ట్ బాక్స్ ఎత్తు, దానితోపాటు డీటెయిల్ విభాగం ఎత్తు పెంచితేనే అక్షరం నిండుగా వస్తుంది.

వెడల్పుకు సంబంధమే లేని తప్పును వెడల్పుతో సరిచేయబోవడం ఇంకో పొరపాటు. గాజుల సైజునే తీసుకోండి. వ్యాపారంలో 2.4 అంటే రెండు అంగుళాల నాలుగు అణాలు, అంటే రెండుంపావు అంగుళాలు. అంగుళాన్ని 16 భాగాలు చేసి చెప్పే లెక్క ఇది. 2.10 అంటే రెండు అంగుళాల మీద 16లో 10 వంతులు. ఈ ఫీల్డును సంఖ్యగా పెట్టి 2.10 అని కొడితే సబ్‌ఫారంలో 2.1 అని కనిపిస్తుంది. సున్నా దాగిందనుకుని నిలువు వరసను ఎంత లాగినా అది రాదు, ఎందుకంటే పట్టికలోనే లేదు. రెండు దశాంశ స్థానాలు చూపించమంటే 2.4 కాస్తా 2.40 అవుతుంది. సైజును అక్షరాల ఫీల్డుగా పెట్టడమే దారి. అలాగే సబ్‌ఫారం తెల్లగా, గడులు కూడా లేకుండా కనిపిస్తే చట్రం చిన్నదైందని అనుకోవద్దు. చూపడానికి వరసలు లేవు, కొత్తవి చేర్చడానికి అనుమతీ లేదు అన్నప్పుడు యాక్సెస్ అలా ఖాళీగా ఉంచుతుంది. కలిపే ఫీల్డులు తప్పైతే వరసలు ఉండీ రావు. ముందు చూడాల్సింది ఆ రెంటినీ.

యాక్సెస్ 2007తో యాంకరింగ్, లేఅవుట్ వ్యూ వచ్చాయి కదా, ఇంకా ఈ చట్రం గొడవ ఎందుకని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. లేఅవుట్ వ్యూలో అసలు వివరాలు కళ్లముందుంటాయి కాబట్టి ఎంత వెడల్పు చాలో చూస్తూ సర్దుకోవచ్చు. నిజంగా మేలైన వసతి. యాంకరింగ్‌తో చట్రాన్ని కిందికీ పక్కకీ సాగేలా కడితే కిటికీతోపాటు అదీ పెరుగుతుంది. కానీ పెరిగేది చట్రమే. అక్షరం పరిమాణం మారదు, డేటాషీట్ నిలువు వరసలు పంచుకుని సాగవు. ఇంకొన్ని అడ్డవరసలు కనబడతాయి, గాజుల ఆర్డరుకు కావాల్సిందీ అదే. కెన్ గ్రో అన్న లక్షణాన్ని కూడా ఇలాగే అపార్థం చేసుకుంటారు. అది పనిచేసేది ముద్రణలో, ముద్రణకు ముందు చూసే ప్రివ్యూలో మాత్రమే. తెర మీద సబ్‌ఫారం వరసల సంఖ్యను బట్టి తనంతట తాను పొడుగవదు.

లిబ్రేఆఫీస్ బేస్ వాడేవారు ఇంకో అభ్యంతరం చెప్పవచ్చు. అక్కడ చట్రమే కనిపించదు కాబట్టి ఈ వాదన ఒక్క యాక్సెస్‌కే పరిమితమని. జాగ్రత్తగా చూస్తే బేస్ ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. అక్కడ సబ్‌ఫారం కంటికి కనిపించే వస్తువే కాదు. ఫారం నావిగేటర్‌లో ప్రధాన ఫారం కింద ఒక కొమ్మగా ఉంటుంది. పేజీ మీద మనం లాగేది దానికి కట్టిన టేబుల్ కంట్రోల్‌ను. దాన్ని తొలగించినా సబ్‌ఫారం నావిగేటర్‌లో మిగిలే ఉంటుంది. సబ్‌ఫారాన్నే తొలగిస్తే దాని కింది కంట్రోళ్లూ పోతాయి. విజార్డు పెట్టిన గడిని నొక్కితే పక్కనున్న లేబుల్ కూడా కదలడానికి కారణం అవి రెండూ ఒక గుంపుగా ఉండటమే. కంట్రోల్ మీట పట్టుకుని నొక్కితే ఒక్కటే చిక్కుతుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత వాదన దేనికని అనిపించవచ్చు. చట్రం కింద దాగిన వరస అంటే గాజులు చేసే కొలిమి దగ్గరికి చేరని ఆర్డరు. పెద్ద మానిటర్ మీద 20 వరసలు కనిపించేలా గీసిన ఫారాన్ని గల్లాపెట్టె దగ్గరి 1366×768 ల్యాప్‌టాప్‌లో తెరిస్తే చట్రం అడుగు భాగం తెర దాటిపోవచ్చు. అప్పుడు సబ్‌ఫారం స్క్రోల్ పట్టీ ఒకటి, ప్రధాన ఫారం స్క్రోల్ పట్టీ ఒకటి పక్కపక్కనే నిలబడి, ఏది లాగితే ఏది కదులుతుందో తెలియక రద్దీ వేళ మనిషి గాభరా పడతాడు. అందుకే చట్రం ఎత్తును దుకాణంలోని అతి చిన్న తెరకు సరిపోయేలా పెట్టాలి. జతల మొత్తాన్ని సబ్‌ఫారం అడుగున కాకుండా ప్రధాన ఫారం పైభాగంలో చూపాలి. ఎన్ని వరసలు దాగినా ఆ మొత్తం కనిపిస్తూనే ఉంటుంది.