సంకేతం నుంచి వాక్యానికి

సాహిత్య విమర్శకుడికి సంకేత తర్కంతో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇంగ్లీషు తర్కశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ఒక అభ్యాసం ఉంటుంది. సంకేతాల్లో రాసిన ప్రతిపాదన ఇచ్చి, దాన్ని మామూలు మనుషులు మాట్లాడే ఇంగ్లీషులోకి మార్చమంటారు. అది రచయితలు తప్పక చేయదగిన అభ్యాసం.

'క' అంటే 'అతడు పేదవాడు', 'చ' అంటే 'అతడు నిజాయితీపరుడు' అనుకుందాం. 'క మరియు చ' అన్న సూత్రం 'హి ఈజ్ పూర్ అండ్ ఆనెస్ట్' అవుతుంది. 'పూర్ బట్ ఆనెస్ట్' అన్నా తార్కికుడు తప్పుపట్టడు. రెండంశాలూ నిజమైతే రెండు వాక్యాలూ నిజమే. మరి ఆ 'బట్' ఎక్కడిది? సూత్రంలో లేదు. పేదవాడి దగ్గర నిజాయితీ ఆశించలేమన్న ఒక వర్గపు నమ్మకం ఆ చిన్న మాట చాటున వాక్యంలోకి దూరింది. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1879లో తన సంకేతలిపిని ప్రకటించిన గ్రంథంలోనే, 'మరియు'కూ 'కాని'కీ గల తేడాను ఆ లిపి చూపదని చెప్పాడు. ఎదుటివాడు ఊహించేదానికి భిన్నమైనది రాబోతున్నదని 'కాని' సూచిస్తుంది, అంతే. తర్కానికి అంతే కావచ్చు. మనకు అసలు సంగతి అక్కడే ఉంది.

1975లో అచ్చయిన వ్యాసంలో గ్రైస్ ఇచ్చిన ఉదాహరణ ఇంకా ఘాటైనది: అతడు ఇంగ్లీషువాడు, అందువల్ల ధైర్యవంతుడు. ఇంగ్లీషువాడు కావడం వల్లే ధైర్యం వచ్చిందని ఆ మాట్లాడినవాడు 'చెప్పలేదు', 'సూచించాడు' అంటాడు గ్రైస్. నిలదీస్తే 'నేనలా అన్నానా?' అని తప్పుకోవచ్చు. ఇది మన ధ్వనే కదా అని మిత్రులు తొందరపడవచ్చు. పోలిక ఉంది గాని, ధ్వనికి సందర్భం ప్రాణం. ఇక్కడ సూచన ఆ మాటకే అంటుకుని ఉంది.

అలాగని సూత్రాన్ని చులకన చేయరాదు. 'ఎవ్రీ ఫార్మర్ ఓస్ మనీ టు ఎ మనీలెండర్' అన్న వాక్యం చూడండి. రైతులందరికీ షావుకారు ఒక్కడేనా, ఎవరి షావుకారు వారికేనా? వాక్యం తేల్చదు. సూత్రం తేలుస్తుంది. 'ఏ' అక్షరాన్ని తలకిందులు చేస్తే 'ప్రతి' అని, 'ఈ' అక్షరాన్ని వెనక్కి తిప్పితే 'కనీసం ఒకటి ఉంది' అని అర్థం. మొదటి గుర్తు ముందుంటే ఎవరి షావుకారు వారికే కావచ్చు. రెండోది ముందుంటే అందరికీ ఒక్కడే. విద్యార్థి మొదటిదాన్ని ఇలా దించుతాడు: ప్రతి ఎక్స్‌కూ, ఎక్స్ రైతు అయినట్లయితే, కనీసం ఒక వై ఉంది, ఆ వై షావుకారు, ఎక్స్ ఆ వైకి బాకీ. తప్పులేదు, కాని ఏ ఊళ్లోనూ మనిషి ఇలా మాట్లాడడు. నునుపు చేస్తే మళ్లీ పాత సందిగ్ధతే తిరిగొస్తుంది. తెలుగులో మనకు కొంత వెసులుబాటుంది. 'ప్రతి రైతూ ఎవరో ఒక షావుకారుకు బాకీ', 'రైతులందరూ ఒకే షావుకారుకు బాకీ'. సంకేతాల వరుస చేసే పనిని 'ఎవరో ఒక', 'ఒకే' అన్న మాటలు చేస్తున్నాయి.

రెండోది నిజమైతే మొదటిది నిజమై తీరుతుంది. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది కాదు. మన కథకులు కొందరు మొదటి వాక్యంతో ఎత్తుకుని రెండోదానితో ముగిస్తారు. మొదటి పేజీలో ఇంటింటికీ ఒక అప్పు, చివరి పేజీలో ఊరంతటినీ మింగిన ఒక్క షావుకారు. మిగతా షావుకార్లు ఎలా పోయారో, వాళ్ల పత్రాలు ఇతడి పెట్టెలోకి ఎలా చేరాయో కథలో కనిపించదు.